చెక్క పిడి

మేస్త్రీ బానెట్ కింద సగం ఒళ్లు దూర్చి, పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను స్టార్టర్ మోటారుకు ఆనించి, చెక్క పిడిని చెవికి పెట్టుకున్నాడు. ఇన్నేళ్లుగా ఇదే వరస. కీ తిప్పగానే టకటకమని ఆపకుండా కొట్టుకుంటే బ్యాటరీ కరెంటు చాలడం లేదని, ఒక్కసారి టక్కుమని ఊరుకుంటే మోటారు పట్టేసిందని, అసలు చప్పుడే లేకపోతే దాని మీది స్విచ్ పోయిందని ఆయన లెక్క.

కానీ ఈ మధ్య చెవులు మొండికేశాయి. ఇంట్లో భార్య ఏమన్నా తలూపేస్తున్నాడు, అక్షింతలు పడ్డాక సంగతి తెలుసుకుంటున్నాడు. షెడ్డులో మాత్రం ఎవరూ చూడకుండా పిడిని పళ్ల మధ్య కరిచిపట్టుకుంటాడు. చప్పుడు దవడలోంచి తలకెక్కుతుంది. షెడ్డులో తనతోపాటే పనిచేసే కూతురికి తెలిస్తే తనను ఇంట్లో కూర్చోబెట్టేస్తుందని భయం. ఈ పని లేకపోతే తానెందుకూ కొరగాడని ఆయన గట్టి నమ్మకం.

ఈరోజు కరిచే వీలు లేదు. టాక్సీ డ్రైవర్ పక్కనే కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఆసుపత్రిలో అతని భార్య పసిబిడ్డనెత్తుకుని ఎదురుచూస్తోంది.

“కీ తిప్పమ్మా.”

స్టీరింగ్ ముందున్న కూతురు తిప్పింది. ఆయనకేమీ వినిపించలేదు.

“చప్పుడే లేదు. స్విచ్ పోయింది. మోటారు దించాలి. సాయంత్రమవుతుంది.”

డ్రైవర్ మొహం వాడిపోయింది. కూతురు మళ్లీ తిప్పి, చెవి రిక్కించి విని, కిందికి దిగింది.

“అన్నా, మీరొచ్చి కాస్త కీ తిప్పండి,” అని అతన్ని లోపల కూర్చోబెట్టింది. తండ్రి చెవి దగ్గరకు వంగింది. “ఎప్పట్లాగే పళ్లతో పట్టుకో నాన్నా.”

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. “నీకెలా తెలుసు?”

“పిడి చూశాక కూడా తెలీదా?”

సిగ్గుపడుతూనే కరిచాడు. దవడంతా టకటకలాడింది.

“బ్యాటరీయే. టెర్మినల్ ఊడదియ్యి,” అన్నాడు గొంతు సవరించుకుని.

క్లాంపు కింద తెల్లటి పొడి పేరుకుని ఉంది. ఆమె ఉప్పుకాగితంతో రుద్ది బిగించగానే బండి ఒక్క తిప్పుకే అందుకుంది. డ్రైవర్ మాటైనా చెప్పకుండా దూసుకుపోయి, సందు మలుపులో గుర్తొచ్చినట్టు పెద్దగా హారన్ కొట్టాడు. అది మాత్రం మేస్త్రీకి వినిపించింది. హాయిగా నవ్వుకున్నాడు.

“అమ్మ ఎన్నాళ్లుగానో పోరుతోంది,” అంది కూతురు. “అమ్మను తీసుకుని ఇవాళే చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లు.”

“షెడ్డో?”

“నేను లేనూ?”

“తప్పు చెప్పావంటే ఊరుకోను.”

“చెవి మిషను పెట్టుకొచ్చి తిట్టు. నేనూ వింటా, నువ్వూ వింటావు.”

మేస్త్రీ చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, ఖాకీ చొక్కా మేకుకు తగిలించాడు. షట్టరు దించకుండా, పట్టపగలు, తేలికైన మనసుతో ఇంటిదారి పట్టాడు.

అప్పటికే ఇంకో కారు వచ్చి ఆగింది. కూతురు స్క్రూడ్రైవర్ అందుకుని చెవికి పెట్టుకుంది. నునుపెక్కిన చెక్క పిడి మీద, పైనా కిందా, నాన్న పంటిగాట్లు ఆమె వేళ్లకు తగిలాయి.