గేదెను అడిగినవి

“సూదేయించుకో, లేచి తిరుగుతావు.” నాట్లు మొదలైన దగ్గర్నుంచీ రమేష్‌బాబుది పొద్దున్నే ఇదే మాట. నడుం పట్టేసినా అతని భార్య కుసుమకుమారి పన్నెండుమంది కూలీలకు వండి వార్చాల్సిందే. పోతనాళ దగ్గర ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల క్యాంపులో మందుల సంచీతో మోటారు సైకిలు మీద తిరిగే కేశవులు రోజూ వచ్చి నొప్పి సూది పొడిచి పోతున్నాడు. ఆరు రోజులు, ఆరు సూదులు. నడుం కాస్త వదిలిందిగానీ కడుపులో ఒకటే మంట. నిన్నటి నుంచి విరేచనం తారులా నల్లగా పోతోంది. ఆ మాట ఎవరితో చెప్పుకుంటుంది? చెబితే మాత్రం వినేదెవరు!

ఇవాళ గేదె కుంటుతోందని మాన్వి నుంచి పశువుల డాక్టరు విజయకుమార్‌ని పిలిపించాడు రమేష్‌బాబు. ఆయన సూది బయటికి తీయకుండా ముందు అడగడం మొదలుపెట్టాడు.

“సూడిదా? ఎన్ని నెల్లాయె?”

“ఐదో నెలండి. మూడో ఈత.”

“మేత తింటున్నదా? పేడ నల్లగ పోతున్నదా? ఇంతకుముందు ఏం సూదులేసిన్రు?”

అన్నిటికీ రమేష్‌బాబు తడుముకోకుండా జవాబు చెప్పాడు.

“నొప్పి సూది ఒక్కటే ఏస్త. రోజూ ఏసుకుంట పోతే కడుపుల పుండ్లు పడి రక్తం నల్లగ పోతది, కిడ్నీలు ఖరాబైతయి. నొప్పి తగ్గిందని తిప్పకుండ్రి, పండనియ్యుండ్రి.”

“అయ్యో, తిప్పుతానా డాక్టరుగారూ! నోరులేని జీవం.” రమేష్‌బాబు గేదె మెడ నిమిరాడు.

వసారాలో గంజి వారుస్తున్న కుసుమకుమారి చెయ్యి ఆగిపోయింది. కాపురానికొచ్చి పందొమ్మిదేళ్లు. మొగుడి చెయ్యి అంత నెమ్మదిగా తన మీద ఎప్పుడు పడింది? తనకు నోరుంది కాబట్టే ఎవరూ అడగడం లేదేమో. గేదెను చూసి కుళ్లుకునే గతి పట్టిందే అని ఏడుపు తన్నుకొచ్చింది.

మధ్యాహ్నం కేశవులు వచ్చి సూదిలోకి మందు లాగాడు. “కూసోండమ్మా.”

ఆమె కూర్చోలేదు. “ముందు అడగండి.”

“ఏమడగాలె?”

“పొద్దున డాక్టరుగారు గేదెను గురించి అడిగినవే.”

కేశవులు అలవాటుగా రమేష్‌బాబు వైపు తిరిగాడు. “దానికేం, బాగానే ఉంది. వేసెయ్,” అన్నాడు రమేష్‌బాబు.

“నిన్నటి నుంచి నల్లగా పోతోంది,” అంది ఆమె, కేశవులుతోనే. సూది తిరిగి సంచీలోకి వెళ్లింది.

ఆమె పొయ్యి ఆర్పి, చీర మార్చుకుని, రాయచూరు పెద్దాసుపత్రికని గుమ్మం దిగింది.

“మరి వంటెవరు చేస్తారే?” వెనకనుంచి కేకేశాడు రమేష్‌బాబు.

ఇన్ని రోజుల్లో ఆయన ఆమెను అడిగిన ప్రశ్న అదొక్కటే.