చింత నీడకి చెప్పని కబురు

వైశాఖంలో ఆ ఊరి ఆడవాళ్లు తెల్లారకుండానే గెడ్డ వాగులో పూడిక తీసే ఉపాధి పనికి వెళ్లేవారు. చీపురుపల్లి రోడ్డు మలుపులో చింత నీడ ఉంది. వెళ్తూ వెళ్తూ పిల్లల్నీ, అంబలి కేరేజీలనీ, నీళ్ల బిందెలనీ ఆ నీడలో దింపేవారు. కాపలాకి ముసలి గున్నమ్మ కూర్చునేది. ఎండ తిరిగేకొద్దీ నీడ తిరిగేది. నీడతోపాటు ముసలమ్మ తన గోనెపట్టా లాక్కుంటూ జరిగేది. ఆవిడ వెనకాల బిందెలూ, గుంటలూ; పిల్లల్ని ఆ పక్కల గుంటలనే అంటారు.

చింతచెట్టు మాత్రం లేదు. దాన్ని మాఘమాసంలోనే కొట్టేశారు.

ఆ పక్కల చెట్టు కొట్టాలంటే ముందురోజే మొదట్లో పసుపునీళ్లు పోసి, బొట్టు పెట్టి, "తల్లీ, రేపు నిన్ను కొడతాం, నీ వాళ్లకి చెప్పుకో" అని చెప్పాలి. పైడితల్లి అమ్మవారి జాతరకి కొట్టే సిరిమాను చెట్టుకైనా ఆ మర్యాద తప్పదు. ఆ చింత ఉన్న పొలం గల మురళీమోహన్ ఆ ఊళ్లో పుట్టినవాడే, ఆ మర్యాద ఎరిగినవాడే. కానీ విశాఖపట్నం నుంచి రంపం మిషను ఒకరోజు ముందే వచ్చేసింది. "వచ్చిన మిషన్ని వెనక్కి పంపుతామేటి, కానియ్యండి" అన్నాడు. చెట్టు పడింది. దుంగలు లారీ ఎక్కాయి. మొదలు కూడా పెకలించి గొయ్యి పూడ్చేశారు. నీడకి ఎవరూ చెప్పలేదు గనక అది అక్కడే ఉండిపోయింది.

ఊళ్లో దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోలేదు. పెనిమిటి పోయిన కబురు అందని ఇల్లాలు ఎలా ఉంటుందో అలాగే ఉంది నీడ. గాలి వీస్తే ఆకులాడించేది, మిట్టమధ్యాహ్నం ఒదిగి కూర్చునేది. దాని ఎదుట చెట్టు పోయిన మాట ఎత్తకూడదని పాలు తాగే పిల్లలకి తప్ప అందరికీ తెలుసు.

మే నెలలో మురళీమోహన్ ఆ నీడ చుట్టూ నీలం తాడు కట్టి, గుడారాలు వేసి, పట్నం కుటుంబాలకి వేసవి ప్రకృతి శిబిరం పెట్టాడు. అరుణశ్రీ అనే టీచరమ్మ పిల్లల్ని గుండ్రంగా నిలబెట్టి, విజిల్ ఊది, "కళ్లు మూసుకుని చెట్టుని కౌగిలించుకోండి" అనేది. పిల్లలు గాలిని కౌగిలించుకునేవారు. తల్లులు ఫోటోలు తీసేవారు. చెట్టు లేదన్న మాట మాత్రం నోట రానివ్వొద్దని మురళీమోహన్ ఆవిడకి ముందే చెప్పి ఉంచాడు.

ఊరి పిల్లలు తాడు అవతల పడ్డారు.

గున్నమ్మ కోడలు చిన్నతల్లి పనికి వెళ్లబోతూ ఆగి అడిగింది. మొగుడు వలసపనికి వెళ్లాడు. ఉన్నది ఒక్కగానొక్క కూతురు, రేఖ, ఆరేళ్ల పిల్ల. మురళీమోహన్ ఆమెకి వరసకి బావ.

"బావా, ఈ తాడు మా గుంటల కోసమే కట్టినావేటి?"

"అలాగనకే సిన్నతల్లీ. ఆళ్లు ఎక్కడ్నుంచో వచ్చినోళ్లు. మీ గుంటలు గోల సేస్తే పాఠం సాగదు."

"ఏటా పాఠం?"

"ప్రకృతితో కలిసి బతకడం."

గున్నమ్మ పక్కున నవ్వింది. "ఓరి నాయనా! కలిసి బతుకుతున్నోళ్లని బయటికి తోలీసి మరీ నేర్పుతున్నావేట్రా?"

"పొలం నాది పిన్నీ."

"పొలం నీదే. నీడ నీదేటి? నువ్వు పాతినావా, మీ తాత పాతినాడా?"

"మెల్లగా," అన్నాడు మురళీమోహన్, నీడ వైపు బెదురుగా చూస్తూ. "వింటాది."

గున్నమ్మ పిల్లల్ని కల్వర్టు దగ్గరికి తోలుకుపోయింది. అక్కడ కాకి నిలిచేంత నీడ కూడా లేదు. రేఖ మాటిమాటికీ పారిపోయి తాడు దగ్గరికి వచ్చేది. లోపల పిల్లలు ఆకుల బొమ్మలు వేసుకుంటూ ఉంటే తాడు పట్టుకుని చూస్తూ నిలబడేది. ఒకరోజు అలా చూస్తూ చూస్తూనే కూలిపోయింది.

కబురు విని చిన్నతల్లి గెడ్డలోంచి బురద చేతులతో పరిగెత్తుకొచ్చింది. టీచరమ్మ పిల్ల ముఖం మీద నీళ్లు చల్లుతోంది. మురళీమోహన్ అక్కడున్న తల్లిదండ్రులతో అంటున్నాడు: "సూడండి, పల్లెటూళ్లలో ఇంతే. పిల్లల్ని ఎండలో అలా వదిలేస్తారు."

ఆ మాట చిన్నతల్లి చెవిన పడింది.

కోపం వస్తే పైడితల్లిని తలుచుకోమని పెద్దలు చెబుతారు. ఆసుపత్రిలో పిల్లకి సెలైను ఎక్కుతున్నంతసేపూ చిన్నతల్లి తలుచుకుంది. తలుచుకున్నకొద్దీ కోపం పెరిగింది. ఆ తల్లి కూడా ఆ రోజు కోపంగానే ఉందేమో.

"జ్వరం దిగేదాకా చల్లని నీడ పట్టున ఉంచమ్మా," అంది నర్సు. "ఇంకోసారి వేడి తగిలిందంటే పిల్ల దక్కదు."

ఇంటికి తిరిగొస్తూ చిన్నతల్లి తాడు దగ్గర ఆటో ఆపించింది. "బావా, నాది రేకులిల్లు, నీకు తెలుసు కదా. పగలు పెనం లాగ కాల్తాది. గుంటని రేపు ఓ మూల పడుకోబెట్టుకోనీ."

"జ్వరం పిల్లని ఇక్కడ పెడితే ఆళ్లు భయపడిపోతారే. శిబిరం అయిపోనీ. తర్వాత నీడంతా మీదే."

చిన్నతల్లి వెనక్కి తిరిగింది. ఆటో ఎక్కేసింది.

మర్నాడు పొద్దెక్కేసరికే కరెంటు పోయింది. రేకుల కింద తడిగుడ్డ వేసింది వేసినట్టే ఆరిపోతోంది. రేఖ కళ్లు తెరవడం లేదు. చిన్నతల్లి లేచి చెంబుతో నీళ్లు ముంచి అందులో పసుపు కలిపింది.

"ఏటి సేస్తన్నావే?" అంది గున్నమ్మ.

"కబురు సెప్పీసొస్తాను."

"సెప్తే నీడ పోతాది. మరి మనకీ ఉండదు."

"ఇప్పుడుందేటి అత్తా?"

ముసలమ్మ ఆమెని ఆపలేదు. విసనకర్ర తీసుకుని మనవరాలి పక్కన కూర్చుంది.

చిన్నతల్లి తాడు ఎత్తి లోపలికి నడిచింది. ముందుగా తల్లుల వైపు తిరిగి, "అమ్మా, మీ గుంటల్ని కారుల్లోకి ఎక్కించుకోండి. ఇక్కడ ఎండ పడతాది. ఆళ్ల తప్పేటీ లేదు" అంది. వాళ్లకి అర్థం కాలేదు గాని ఆమె ముఖం చూసి పిల్లల చేతులు పట్టుకున్నారు. మురళీమోహన్ పరిగెత్తుకొచ్చాడు.

"వద్దే సిన్నతల్లీ! నీకు దండం పెడతాను!"

"ఆ దండం మాఘంలో పెట్టాల్సింది బావా. నాకు కాదు."

పూడ్చిన గొయ్యి మీద పసుపునీళ్లు పోసింది. మట్టికి బొట్టు పెట్టింది. చెప్పవలసిన మాట చెప్పేసింది.

"తల్లీ, నీ చెట్టు లేదు. కొట్టీసినారు. నీకు సెప్పకుండా కొట్టీసినారు. ఆ తప్పు ఈ బావది. తెలిసీ ఇన్నాళ్లూ నీ కింద సల్లగా కూకున్నాం. ఆ తప్పు మాది."

గాలి వీస్తూనే ఉంది, నీడలో ఆకులు ఆడటం ఆగిపోయింది. అంచులు లోపలికి ముడుచుకున్నాయి. గుడారాల మీదికి, బొమ్మల కాగితాల మీదికి ఎండ దూకింది. అంత పెద్ద నీడా గొయ్యి దగ్గరికి చేరి, మోకాళ్లలో తల పెట్టుకున్న మనిషంత అయిపోయింది.

కబురు చెప్పి వెళ్లిపోదామనే వచ్చింది చిన్నతల్లి. కానీ అది కూర్చున్న తీరు చూశాక ఆగిపోయింది. చావు జరిగిన ఇంటివాళ్లని చుట్టాలెవరైనా వచ్చి, తమ ఇంటికి నిద్రకి తీసుకెళ్లాలి. ఎవరూ పిలవకపోతే ఆ మనిషి దుఃఖంతో అక్కడే ఎండిపోతుంది. నీడకి చుట్టాలెవరు?

ఆమె గొంతుక్కూర్చుంది. కోపం పోలేదు. కోపంతోనే పిలిచింది.

"లెగమ్మా. ఈళ్ల మధ్యన ఏడవకు. మా ఇంటికి నిద్రకి రా."

కాసేపటికి నీడ లేచింది. రోడ్డు మీద ఆమె వెనకే, పైన ఏమీ లేకుండా, నెమ్మదిగా నడిచి వచ్చింది. దారిలో ఆడవాళ్లు కొంగులు సర్దుకుని పక్కకి తప్పుకున్నారు, ఎవరూ పలకరించలేదు. అలాంటప్పుడు పలకరించకూడదు.

గుమ్మంలో గున్నమ్మ గొణిగింది. "సింత నీడలో పడుకోకూడదనేది మా అత్త. నువ్వేమో ఇంట్లోకే తెచ్చినావు." అంటూనే విసనకర్ర పక్కన పెట్టి, జరిగి దారి ఇచ్చింది.

నీడ లోపలికి వచ్చి మంచం మీద పరుచుకుంది. కొంతసేపటికి రేఖ నుదుట చెమట పట్టింది. ఊపిరి నెమ్మదించింది. ఆ రాత్రి నిద్ర చేసిన నీడ తెల్లారినా లేవలేదు. లెమ్మని ఎవరూ అనలేదు.

మధ్యాహ్నం మురళీమోహన్ నెత్తిన తువ్వాలు వేసుకుని వచ్చాడు. "ఆళ్లందరూ ఎల్లిపోతామంటన్నారే. ఒక్క పూట పంపు సిన్నతల్లీ, శిబిరం గట్టెక్కుతాది."

"సావు కబురు విన్న మనిషిని పనికి పిలుస్తావేటి బావా?"

అతను ఎండలోనే నిలబడ్డాడు. ఇంటికొచ్చిన మనిషి గనక చిన్నతల్లి చెంబుతో నీళ్లిచ్చింది. కూర్చోమనలేదు.

లోపల్నుంచి, "అమ్మా, అంబలి" అని వినబడింది.

అతను నీళ్లు తాగడం అయ్యేదాకా ఆగి, చెంబు అందుకుని, చిన్నతల్లి తలుపు వేసుకుంది.