మగ్గాల హోరులో సగం మాట

ఖరీదైన హాల్లో కష్టజీవుల మాటలు వినిపిస్తే మురిసిపోయే పెద్దమనుషులు మనలో చాలామందే ఉన్నారు. ఆ మాట అన్న మనిషే ఎదురుగా వచ్చి నిలబడితే వాళ్ల మొహాలు ఎలా మారతాయో ఆమె ఆ సాయంత్రం కళ్లారా చూసింది.

ఆమె మరమగ్గాల మిల్లులో పనిచేస్తుంది. తల్లి కూడా అక్కడే ముప్ఫయ్యేళ్లు పనిచేసి, అరిస్తే తప్ప వినబడనంతగా చెవులు పోగొట్టుకుని ఇంట్లో కూర్చుంది. ఆరు నెలల కిందట ఒక కళాకారిణి వచ్చి మిల్లు ఆడవాళ్లందరి మాటలూ, వాళ్లతోపాటు తల్లి మాటలూ రికార్డు చేసుకుపోయింది. ఇప్పుడు వాటితోనే ఈ ప్రదర్శన. చూద్దామని ఆమె తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. హాలు నిండా పైకప్పు నుంచి నేలదాకా వేలాడే తెల్లటి గుడ్డలు, ఒక్కో గుడ్డ వెనక చిన్న స్పీకరు, అందులోంచి ఒక్కో మనిషి గొంతు. గుమ్మంలో మాత్రం నిశ్శబ్దం పాటించమని బోర్డు పెట్టారు.

తల్లి గొంతు వినిపించే గుడ్డ దొరికేసరికి కూతురికి ప్రాణం లేచొచ్చింది.

"అమ్మా, ఇదే నీది!" అని మిల్లులో అరిచినట్టే అరిచింది. మగ్గాల మధ్య బతికేవాళ్లకు మెల్లగా మాట్లాడటం ఎక్కడ అలవాటవుతుంది?

"ఏమంటున్నానే నేను?" అంటూ తల్లి చెవి ఒగ్గింది.

"మగ్గాల హోరు నాకు పాటలాగా ఉంటుంది అంటున్నావు!"

చుట్టూ ఉన్నవాళ్లు మొహాలు చిట్లించారు. కాపలాదారు పరుగున వచ్చాడు.

"మెల్లగా అమ్మా! వినేవాళ్లకి ఇబ్బందిగా ఉందంట. పెద్దవాళ్లంతా వెళ్లాక మళ్లీ రండి."

కూతురికి తల కొట్టేసినట్టయింది. తల్లి చెయ్యి పట్టుకుని వెనక్కి తిరగబోయింది. తల్లి కదిలితేనా!

"తర్వాతేమన్నానే?"

"అంతేనమ్మా! మళ్లీ మొదటికొచ్చింది."

"అంతేంటి? నేనింకా చెప్పాను కదా!"

ఈలోగా కళాకారిణి వచ్చి తల దించుకుంది. "సగం తీసేశానక్కా. ఈ ప్రదర్శన పెట్టించింది మీ మిల్లు యజమానిగారే. అదిగో, అక్కడే ఉన్నారు" అని కూతురి చెవిలో గొణిగింది.

కూతురికి ఒళ్లు మండిపోయింది. ఇందాకటి సిగ్గు ఎటుపోయిందో ఏమో! "నీ మాట సగం కోసేశారమ్మా! మిగతాది ఇప్పుడు చెప్పు, మీ అయ్యగారు ఇక్కడే ఉన్నారు!" అని హాలు దద్దరిల్లేలా అరిచింది.

తల్లి గొంతు సవరించుకుని అందరివైపూ తిరిగింది.

"ఆ పాటే నా చెవులు తినేసింది! చెవులకి పెట్టుకోడానికి ఏదైనా ఇప్పించండయ్యా అని ఏళ్ల తరబడి మొత్తుకున్నాం. ఒక్కరైనా విన్నారా? ఇది నా కూతురు, ఇంకా ఆ మగ్గాల దగ్గరే చేస్తోంది. దీని చెవులైనా మిగల్చండి!"

యజమాని గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. ఎవరో సైగ చేశారు. కాపలాదారు తల్లి భుజం మీద చెయ్యి వెయ్యబోతే కూతురు అడ్డం నిలబడింది.

"చెయ్యి తియ్యి! మా అమ్మ మాట గుడ్డ వెనకుంటే కళ, నోట్లోంచి వస్తే గోలా? మా గొంతులు కావాలంటే మొత్తం వినండి. వినలేకపోతే మీ స్పీకర్లు కట్టేసుకోండి, మేం మాత్రం నోరు ముయ్యం!"