కుజుడి కాలువల ఓవర్సీరు

నేను ఒక ఇత్తడి టెలిస్కోపును. ఉన్నది ఉన్నట్టు దగ్గరగా చూపించడం తప్ప నాకింకేమీ చేతకాదు. మనుషులకు అది చాలదు.

లండన్‌లో నా అద్దాలు అరగదీసి, ఓడెక్కించి పంపారు. నన్ను తెప్పించుకున్న దొర కుజుడి మీది నల్లమచ్చలను సముద్రాలన్నాడు. వాటిలో చేపలుంటాయా అని మథనపడ్డాడు. చాలా ఏళ్లకు ఒక కాలేజీ లెక్చరరు అవే మచ్చలను చూసి నాచు అన్నాడు. వ్యోమనౌకలు వెళ్లి రాళ్లూ దుమ్మూ ఫొటోలు తీసి పంపాక, ఇక వదిలేస్తారనుకున్నాను. ఆ రాళ్లలోనే మనిషి మొహం కనిపెట్టారు! ఇప్పుడు మ్యూజియంలో నా ముందు నిలబడి, మట్టి కింద సూక్ష్మజీవులుంటాయేమో అంటున్నారు. ఎంతసేపూ అక్కడ ఎవరో ఒకరు ఉండితీరాలి.

దొరకీ లెక్చరరుకీ మధ్య నన్ను ఏలినవాడు పేరిశాస్త్రి. ధవళేశ్వరం కాలువల మీద ఓవర్సీరు. భార్య పోయాక అక్కయ్య బాపనమ్మతో ఉండేవాడు. రెండేళ్లకోసారి కుజుడు భూమికి దగ్గరగా వచ్చినప్పుడు, పొద్దుగూకగానే నన్ను డాబా మీద నిలబెట్టేవాడు. వెలుగు కంట్లో పొడుస్తోందని నా ముందు మూతికి చిన్న చిల్లున్న అట్ట తగిలించి, వెనకనుంచి కుడికన్ను ఆనించేవాడు. అంత సన్నటి వెలుగులో కంటికి తన లోపలి నెత్తురు నరాల నీడలే గీతల్లా కనబడతాయి. అతనికి కాలువలు కనబడ్డాయి. అతనికి తెలిసినవి అవే మరి. వచ్చేసారికి గీతలు పెరిగాయి. అక్కడివాళ్లు కొత్త కాలువలు తవ్వారని సంబరపడి, నీళ్లు ఆపే లాకులెక్కడ కట్టాలో కూడా నిర్ణయించాడు.

నిజానికి ఆ కొత్త గీతలు అతని కుడికంటిలోపల చిమ్ముతున్న నెత్తురు. నాకు తెలుసు. నోరేదీ?

బాపనమ్మ ఓసారి చూసింది. "కాలువా లేదు, నీ తలకాయా లేదు. మైసూరు పప్పు బద్దలా ఎర్రగా ఏదో ఉంది. నీ కన్నే చెడిందిరా. కాకినాడ డాక్టరు దగ్గరికి పద."

"చూడ్డం అలవాటవ్వాలక్కయ్యా. కుజుడు వెళ్లిపోయాక వెళ్దాంలే."

"అయితే ఎడంకంటితో చూడు."

చూశాడు. గీత లేని ఎర్రటి బిళ్ల. ఇప్పటికైనా అర్థమైందనుకున్నాను. పేరిశాస్త్రి కాసేపు ఆలోచించి తలూపాడు.

"కాలువలకు నీళ్లు కట్టేశారు. మనవీ ఎండాకాలం కట్టెయ్యమూ, పూడిక తియ్యడానికి?" మళ్లీ కుడికన్ను ఆనించాడు. "ఇదిగో, నీళ్లు వదిలారు!"

ఆమె నెత్తి కొట్టుకుంది. నాకు కొట్టుకోవడానికి నెత్తి కూడా లేదు.

ఆ నెలలోనే ఒక సాయంత్రం కుడికన్ను ఆనించి, చాలాసేపు కదల్లేదు. కాలువలు లేవు, కుజుడూ లేడు. ఆ కంటికి అంతా నలుపు.

"అందరూ పోయారక్కయ్యా. ఒక్కడూ మిగల్లేదు" అంటూ నన్ను పట్టుకుని ఏడ్చాడు.

బాపనమ్మ ఈసారి వాదించలేదు. అతని చెయ్యి పట్టుకుని, "ఎలా పోయార్రా పాపం?" అని అడుగుతూ మెల్లగా మెట్లు దించింది.