నన్ను తొక్కనివ్వండి

నేను ఒక రబ్బరు టైలును. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు, రెండు వేళ్ళ మందం. బడి ఆటస్థలంలో జారుడుబల్ల కింద నాలాంటివాళ్ళం వరసగా పరుచుకుని ఉంటాం. అందరూ తొక్కుతారని నా మీద జాలి పడకండి. నా గొడవంతా తొక్కనివ్వని వాళ్ళతోనే.

పూర్వజన్మలో నేను లారీ టైరును. గుంటూరు మిరపబస్తాలు మోస్తూ ఊళ్ళన్నీ తిరిగాను. నా యజమాని సైదులు ప్రతి ప్రయాణానికీ ముందు నా కింద నిమ్మకాయ పెట్టి, కళ్ళు మూసుకుని దండం పెట్టేవాడు. ఆ చేతులతోనే మోయాల్సినదానికి రెట్టింపు బరువు ఎక్కించేవాడు. అరిగిపోయాక పై తొక్క కొత్తది వేయించి మళ్ళీ నడిపాడు. అదీ అరిగాక పాత సామాన్ల కొట్లో పారేశాడు. అక్కణ్ణించి ఒక కార్ఖానాకి చేరాను. నాలోని ఉక్కు తీగలు పీకేసి, మరలో వేసి గింజలుగా నలిపి, జిగురూ ఇటుకరంగూ కలిపి అచ్చులో నొక్కారు. నా పని అయిపోయిందనుకున్నారు. ఎక్కడికి అయిపోతుంది? కాస్త మెత్తబడ్డాను, అంతే.

కృష్ణా నది అవతల ఒక ఊరి ప్రాథమిక పాఠశాలకి నన్ను నమూనాగా పట్టుకెళ్ళారు. అక్కడ జారుడుబల్ల కింద సిమెంటు గచ్చు ఉండేది. దాని మీద పడి ఒక పిల్లవాడు చెయ్యి విరగ్గొట్టుకున్నాక, ఆ నేల మార్చాలని తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. హెడ్మాస్టరు కోటిలింగం గారు నన్ను బొటనవేలితో నొక్కి చూసి పక్కన పెట్టేశారు. ఇసుక పోయిస్తే చాలని అందరూ తలూపారు.

సువార్త అనే ఆవిడ మాత్రం లేచి నిలబడింది. "ఇసకలో పడితే దెబ్బ తగలదు, నిజమేనండీ. మరి మా ప్రసన్న కుర్చీ దాంట్లో ఎట్టా నడుస్తది?"

ప్రసన్న ఆమె కూతురు, ఐదో తరగతి. పుట్టినప్పటినుంచీ కాళ్ళు పనిచేయవు, చక్రాల కుర్చీలోనే బడికి వస్తుంది.

"పాప ఎట్టాగూ ఆడదు కదమ్మా," అన్నారు కోటిలింగం గారు. చెడ్డగా ఏమీ అనలేదు, మామూలుగానే అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

సువార్త వాదన పెట్టుకోలేదు. బయట వంటగది కట్టడానికి పోసిన ఇసుకలోకి కూతురి కుర్చీని తోసింది. ముందు చక్రాలు పూడుకుపోయి కుర్చీ మొరాయించింది. తర్వాత నన్ను నేలమీద పరిచి నడిపించింది. చక్రం చప్పుడు లేకుండా నా మీదుగా దొర్లిపోయింది. అందరూ చూశారు కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు. అంచుల్లో గట్టు కట్టకూడదని, చుట్టుపక్కల నేలకి సమంగా పరచాలని ఆమే పట్టుబట్టింది. ఎండకి కాలుతుందని పైన ఆకుపచ్చ వల కూడా కట్టించింది.

టైళ్ళు వచ్చాయి, నాతో సహా అన్నీ పరిచారు. మనుషుల తెలివి అప్పుడు బయటపడింది. మా మీద పెద్ద పట్టా కప్పి, చుట్టూ తాడు కట్టి, బోర్డు పెట్టారు. ఎమ్మెల్యే గారు ప్రారంభించేదాకా ఎవరూ అడుగు పెట్టకూడదట! ఆయనకి తీరిక దొరికితే మూఢం వచ్చింది, మూఢం పోయేసరికి తీరిక పోయింది. పిల్లలు పక్కనే కంకరలో ఆడి మోకాళ్ళు చీరుకుని, నా ఎదురుగా కూర్చుని ఊదుకునేవాళ్ళు. మెత్తటి నేలని దాచిపెట్టి పిల్లల్ని రాళ్ళ మీద ఆడించడం మనుషులకే చెల్లింది.

పరీక్షలు అయిపోతే ప్రసన్న హైస్కూలుకి వెళ్ళిపోతుంది. అక్కడ జారుడుబల్ల లేదు. ఐదేళ్ళూ అందరూ జారుతుంటే చూస్తూ కూర్చుంది. ఒక్కసారి జారాలని ఆ పిల్ల కోరిక.

ఆఖరి రోజు బడి వదిలే వేళకి సువార్త వచ్చి, తాడు విప్పి, పట్టా లాగేసింది. కోటిలింగం గారు పరుగున వచ్చారు.

"ఏందమ్మా ఇది? రేపో మాపో ఎమ్మెల్యే గారు వస్తారు. కొత్తగా ఉండొద్దా?"

"రేపట్నుంచి మా పిల్లకి ఈ బడే లేదు సార్."

కుర్చీ ఒక్క కుదుపైనా లేకుండా మా మీదికి వచ్చింది. ప్రసన్న జారుడుబల్ల కడ్డీలు పట్టుకుని, మెట్టు మెట్టుకీ కూర్చుంటూ, చేతుల బలంతోనే పైకి పాకింది. "నువ్వు పట్టుకోమాక," అని తల్లిని దూరంగా నిలబెట్టింది. జారింది. కింద కాళ్ళు ఆనించుకోలేక పక్కకి దొర్లి, భుజం ఆనేలా నా మీద పడింది. టన్నులు మోసినదాన్ని, ఆ బక్కపిల్ల బరువుకి ఉన్న మెత్తదనమంతా కూడగట్టుకున్నాను.

ప్రసన్న పకపకా నవ్వింది. దెబ్బ తగల్లేదు. నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను.

"అయ్యో, ఎమ్మెల్యే గారికి ఇప్పుడేం చెప్పను?" అన్నారు కోటిలింగం గారు.

"ప్రారంభం అయిపోయిందని చెప్పండి సార్," అంది ప్రసన్న, పడుకునే. "అమ్మా, కుర్చీ పక్కకి జరుపు. ఇంకోసారి ఎక్కుతా."

ఆయన ఏదో అనబోయారు గానీ, బడి పిల్లలంతా అప్పటికే మా మీదికి వచ్చిపడ్డారు. ఇప్పుడు నా ఒంటినిండా మట్టి, గీతలు. ఎమ్మెల్యే గారిని రానివ్వండి. ఇక్కడ పిల్లలు వరసలో ఉన్నారు, ఆయన చివర నిలబడాలి.