ఎడమ పక్క

పాత లారీలను విరగ్గొట్టి తుక్కు చేసే యార్డులో మా బామ్మర్దిని అందరూ సమ్మెట అంటారు. వాడి చేతిలో సమ్మెటైనా, ఉత్త పిడికిలైనా ఒకే బరువుతో దిగుతుంది. ఆ మధ్య అక్కడే పనిచేసే గొలుసు అనేవాడి ముక్కు పగలగొట్టాడు. చేతికెప్పుడూ సైకిల్ గొలుసు చుట్టుకు తిరుగుతాడని వాడికా పేరు. ఒక ఇంజను ముందు ఎవరు విప్పాలన్న దగ్గర మాట పెరిగింది. పక్కకి ఒరిగిన ముక్కును పట్టుకుని, నెత్తురు ఉమ్ముతూ, "దీనికి దీన్నే తీసుకుంటా" అని గొలుసు వెళ్ళిపోయాడు.

అప్పటికే మా ఆవిడ ఆస్పత్రిలో ఉంది. ఒంట్లో రక్తాన్ని పుట్టించాల్సిన కణాలే ఆమె మీద తిరగబడ్డాయి. తమ్ముడు సమ్మెట మూలకణాలే ఆమెకు సరిపోయాయి.

నర్సు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. "ఈ మూలకణాలు చాలామటుకు ఎముకల్లోని మూలుగలో పడి నిద్రపోతుంటాయి. నెత్తురు బాగా పోతేనో, పెద్ద జబ్బు చేస్తేనో లేస్తాయి. మేమిచ్చే ఇంజెక్షన్ వాటిని పెంచి, గూట్లోంచి రక్తంలోకి తరుముతుంది. అప్పుడు చేతి నరంలోంచి తీసుకుంటాం."

"మావాడూ అంతేనమ్మా. తంతేగానీ లేవడు" అన్నాను.

"నర్సమ్మ ముందు కాబట్టి ఊరుకుంటున్నా బావా."

నర్సు నవ్వలేదు. వాడి ఎడమ పక్కటెముకల కింద వేలు పెట్టింది. "ఇక్కడ ప్లీహం ఉంటుంది. ఈ ఇంజెక్షన్లకి ఉబ్బుతుంది. దెబ్బ తగిలితే పగిలిపోవచ్చు. బరువులెత్తొద్దు, కొట్లాటకి పోవద్దు. మీ అక్క మూలుగను మందులతో చంపేస్తున్నాం. పాతవి పోతేగానీ కొత్తవాటికి చోటుండదు. ఇక మీరు రాకపోతే ఆమెకి వెనక్కి దారి లేదు."

లోపల మా ఆవిడ నోరంతా పుండ్లు. జుట్టు దిండు మీదే ఉండిపోతోంది. గిన్నెలో ఎర్రగా ఉమ్మి, "గునపంతో తవ్వుతున్నారు నన్ను" అంది.

ఆ ఇంజెక్షన్లతో సమ్మెటకీ నరకమే. తుంటి, నడుము, రొమ్ము ఎముక లోపల్నుంచి పగులుతున్నట్టు నొప్పి. నా పంక్చర్ షాపులో గోడకి చేరబడి, "నేను విరగ్గొట్టిన లారీలన్నీ కట్టగట్టుకొచ్చి నన్ను కొడుతున్నాయి" అన్నాడు.

ఆఖరి ఇంజెక్షన్ వేయించుకొచ్చిన సాయంత్రం గొలుసు నా షాపుకొచ్చాడు. వెంట ఇద్దరున్నారు. నేను టైర్లు విప్పే కడ్డీ అందుకున్నాను. వాళ్ళలో ఒకడు దాన్ని లాక్కుని నా మోకాలి మీద వేశాడు. కింద కూలబడ్డాను.

సమ్మెట పిడికిలి బిగిసింది. ఆ పిడికిలి బిగిశాక ఊరికే తెరుచుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆరోజు తెరుచుకుంది.

"రేపొక్కరోజు ఆగు గొలుసూ. తర్వాత నేనే వస్తా."

"పారిపోడానికి టైం అడుగుతున్నావా?"

సమ్మెట ఎడమ పక్క నేలకి ఆన్చి పడుకున్నాడు. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, సూదులు గుచ్చాల్సిన మోచేతి మడతలను తొడల మధ్య దాచుకున్నాడు. "మొహం, వీపు నీవి. కానియ్."

సైకిల్ గొలుసు వాడి మొహం మీద దిగింది. కనుబొమ్మ చీలి నెత్తురు కంట్లోకి కారింది. మిగతా ఇద్దరూ వీపు మీద బూట్లతో తన్నారు. ఒక తన్ను పొట్ట దగ్గరకి రాగానే నా నోరు నన్ను దాటింది.

"ఎడమ పక్క కొట్టొద్దురా."

ముగ్గురూ ఆగారు. గొలుసు నన్ను చూశాడు, వాణ్ణి చూశాడు. శత్రువుకి చోటు చూపించానని అప్పుడు నాకు తెలిసింది.

"తిప్పండ్రా వీణ్ణి" అన్నాడు.

ఇద్దరూ కాళ్ళు పట్టి లాగారు. సమ్మెట కంప్రెసర్ స్టాండుకి మడమలు మెలేసి, బండలా బిగుసుకున్నాడు. జుట్టు పట్టి తలను నేలకేసి కొట్టారు. పన్ను ఊడి నా చెయ్యి పక్కన పడింది. అయినా ఆ పక్క పైకి రాలేదు.

"ఏముందిరా అక్కడ?" రొప్పుతూ అడిగాడు గొలుసు.

"మా ఆవిడ ప్రాణం" అన్నాను. కణాలు, మూలుగ, రేపు తీసే సంగతి, నోటికొచ్చినట్టు చెప్పాను.

వాడికెంత అర్థమైందో తెలీదు. సైకిల్ గొలుసును మళ్ళీ చేతికి చుట్టుకున్నాడు. తర్వాత మడమ ఎత్తి సమ్మెట ముక్కు మీద దించాడు. టప్‌మని చప్పుడైంది. "నాకిది చాలు" అని, మిగతా ఇద్దర్నీ తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి ఆస్పత్రిలో డాక్టరు మమ్మల్ని తిట్టని తిట్టు లేదు. తలకి, కడుపుకి స్కానింగ్ చేయించాడు. ప్లీహం ఉబ్బి ఉంది గానీ పగల్లేదు. పొద్దున ముక్కులో దూది, మూసుకుపోయిన కళ్ళు, రెండు చేతులకీ సూదులు. ఒక చేతి నెత్తురు మిషన్లోకి పోయి రెండో చేతికి తిరిగొస్తోంది. మిషన్ కణాలను మాత్రం సంచిలో మిగుల్చుకుంటోంది.

ఆ సంచిని మా ఆవిడకు ఎక్కించేటప్పుడు నర్సును అడిగాను. "నరంలో పోసినవి ఎముకలోకెలా పోతాయమ్మా?"

"దారి అవే వెతుక్కుంటాయి."

"ఎంత తాగినా నేను ఇంటికి చేరట్లా? నా కణాలేగా" అన్నాడు సమ్మెట, పగిలిన పెదవులతో.

తర్వాత మా ఆవిడ జ్వరంతో కొట్టుకుంది, చర్మం ఊడింది, నన్ను గుర్తుపట్టక గోళ్ళతో రక్కింది. ఒకరోజు తెల్లకణాలు కనిపించాయని డాక్టరు చెప్పాడు. ఆ తర్వాత రోజూ పెరిగాయి.

ఆమె లేచి కూర్చున్నాక, ఇంకొన్నాళ్ళకి సమ్మెట డాక్టర్ని అడిగాడు. "నా కడుపులో వాపు పోయిందా సార్?"

"పూర్తిగా పోయింది. ఎందుకూ?"

"యార్డులో చిన్న పనుంది."

వాడి వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకుంటున్నాయి. మా ఆవిడ అవే చూసింది.

డాక్టరు వెళ్ళాక, "ఒరేయ్, ఇలా రా" అంది. "నీ కణాలు మళ్ళీ కావాల్సి రావచ్చని చెప్పారు. ఒళ్ళు దెబ్బ తగలకుండా ఉంచుకో."

"ఎప్పుడక్కా?"

"ఎప్పుడైనా."

వాడు నావైపు తిరిగాడు. అలాంటి మాట డాక్టరు నాతో అనలేదు. అయినా అవునన్నట్టు తల ఊపాను.

సమ్మెట చాలాసేపు తలుపు వైపు చూశాడు. చివరికి స్టూలు లాక్కుని ఆమె మంచం పక్కన కూర్చున్నాడు. పిడికిలి విప్పి, వంకరపోయిన ముక్కును మెల్లగా గోక్కున్నాడు.