దెబ్బకు ముందు పాదం

నేను ఒక జపాన్ బొమ్మల పుస్తకాన్ని. నాబోటి వాళ్లని మాంగా అంటారు. నన్ను కుడి నుంచి ఎడమకు చదవాలి; మీరు చివర అనుకునేదే నా మొదలు. ఒళ్లంతా ముష్టియుద్ధాలే, అయినా పుట్టిన నాటి నుంచి ఒక్క చప్పుడు చేసిన పాపాన పోలేదు.

నా మొదటి యజమాని ప్రణీత్, ఇంజనీరింగ్ విద్యార్థి. హాస్టల్లో అతని గదిలోనే ఉండే స్నేహితుడు నా కథతో తీసిన యానిమే, అంటే జపాన్ కార్టూన్ సినిమా, చూసేవాడు.

"గాల్లోకి ఎగిరి, అక్కడే ఆగి, చిన్ననాటి కష్టాలన్నీ చెప్పుకుని అప్పుడు గుద్దుతాడు. అదేం ఫైట్‌రా?" అనేవాడు మావాడు.

"నీ పుస్తకంలో అసలు కదలనే కదలరు కదరా!" అనేవాడు ఆ స్నేహితుడు.

వాదన తేలకముందే చదువైపోయింది. నేను అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య తేలాను.

అక్కడ ఒక ఆదివారం హైమవతి నన్ను చూసి గబుక్కున తీసుకుంది. ఆమె యూసుఫ్‌గూడలో ఒక డబ్బింగ్ స్టూడియోలో శబ్దాలు చేస్తుంది. కొబ్బరి చిప్పలతో గుర్రాన్ని పరుగెత్తిస్తుంది, తడిగుడ్డతో చెంపదెబ్బ కొడుతుంది. నా కథ యానిమే తెలుగులోకి వస్తోంది. జపాన్ నుంచి వచ్చిన అసలు శబ్దాలు పాడైపోవడంతో అన్నీ ఆమే కొత్తగా చేస్తోంది. చివరి గుద్దు మాత్రం కుదిరి చావడం లేదు.

"అక్కా, ఏమనుకోకు," అన్నాడట డైరెక్టర్ కిరీటి. "హీరో పగవాణ్ణి కొట్టినట్టు లేదు, దోమని కొట్టినట్టుంది. రేపు సోమవారం కూడా కుదరకపోతే కంప్యూటర్లో ఉన్న శబ్దాలే వేసేద్దాం. ఇకమీదట అన్నిటికీ అవే చాలంటున్నారు పైవాళ్లు."

పని పోతుందన్న భయం ఒకవైపు, దోమ అన్నాడన్న రోషం ఇంకోవైపు. పాపం, ఆ ఆరాటంలో నన్ను మన తెలుగు పుస్తకంలాగే ఎడమ నుంచి మొదలుపెట్టింది. తెరవగానే పగవాడు నేల మీద చిత్తుగా పడి ఉన్నాడు. "అయ్యో, వీణ్ణెవరు కొట్టారు?" అంటూ పేజీ తిప్పింది. వాడు గాల్లోకి లేచాడు. ఇంకో పేజీకి పిడికిలి వచ్చింది. నాకు నవ్వాగలేదు. ఆమె మాత్రం దొంగను వెతికినట్టు వెతుక్కుంటూ పోయి, ఒక మూలనున్న చిన్న బొమ్మ గడి దగ్గర ఆగింది. అందులో ముఖం లేదు, చెయ్యి లేదు. ఇసుకలో దిగబడిన మడమ ఒక్కటే ఉంది. సవ్యంగా చదివినవాళ్లంతా పిడికిలి కోసం పరుగెత్తి దాన్ని దాటిపోయినవాళ్లే.

"ఓసినీ! కాలు ఆనించకుండా ఎలా కొడతాడు? యానిమేలో ఈ కాలే లేదు. కనిపించకపోతేనేం, వినిపిస్తే సరి!"

సోమవారం పళ్లెంలో ఇసుక పోసి మడమతో గట్టిగా నొక్కింది. నా గడికీ గడికీ మధ్య ఉండే ఖాళీ అంత సేపు ఊపిరి బిగబట్టింది. ఆ తర్వాత తడిగుడ్డ అందుకోబోయి, ఎందుకో ఆగి, నన్నెత్తి బల్ల మీద ఒక్కటిచ్చింది. ధబ్!

కిరీటి దవడ తడుముకున్నాడు. "అమ్మో! తగిలిందక్కా!"

"ఎవరికి బాబూ?"

"నాకే!"

కంప్యూటర్ శబ్దాల ఊసు మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు నా కాపురం ఆమె బల్ల మీద, కొబ్బరి చిప్పల పక్కన. అట్ట చిరిగింది, నడుము విరిగింది, చదివే నాథుడు లేడు. అయినా హాయిగానే ఉన్నాను. ఆ హాస్టల్ స్నేహితుడు ఎక్కడో తెలుగు యానిమే చూస్తూ, "ఫైట్ అంటే ఇదీ!" అని తొడ కొట్టుకుంటూనే ఉంటాడు.

ఆ దెబ్బ నాదేరా అబ్బాయ్!